నర్సమ్మ పెరట్లో నా మిరప మొక్కలు

మా పక్కింటి నర్సమ్మ పోయి మూడు నెలలైంది. శ్రీకాకుళంలో కూతురింటికి వెళ్లింది, అక్కడే నిద్రలో కన్నుమూసింది. మా ఊరు రాజాం తీసుకొచ్చి సమాధి చేశారు. చర్చిలో నన్నూ నాలుగు మాటలు చెప్పమన్నారు. మొక్కలు పెంచడం నాకు నేర్పింది ఆమేనని చెప్పి ఏడ్చాను. వారం తిరక్కుండా అది నిజం కాదని తెలిసింది.

ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నేను ఆటో నడుపుతాను. మూడేళ్ల కింద చీపురుపల్లి రోడ్డులో ఆటో తిరగబడి నా కుడికాలు విరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా నెలలో లేచి తిరుగుతావన్నారు. నర్సమ్మ ఒక్కతే ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పెట్టి చూసి, "ఏడాది పడతాది బాబూ. కుంటు ఉండిపోతాది. నాను అబద్దం సెప్పను" అంది. ఆ రోజు నుంచి ఆమె ఏం చెప్పినా నమ్మాను.

ఊరికే పడుకుని ఉంటే మనసు పాడవుతుందని మూడు ఖాళీ పెయింటు బకెట్లలో మిరప నారు వేసి తెచ్చి, గుమ్మం పక్కన పెట్టింది. "కూకుని సేసే పని. సూసుకో" అంది. మొదటి మొక్క పసుపెక్కి ఎండిపోయింది. ఆ తరవాత అన్నీ బతికాయి. పొద్దున్నే వచ్చి ఆకు తిరగేసి చూసేది. "తెగులు ఆకు కింద ఉంటాది. పైన సూసి మోసపోకు" అనేది. ఆకులు ముడుచుకున్నాయని నేను కంగారు పడితే, "రెండ్రోజులాగు, అదే తిప్పుకుంటాది" అనేది. నిజంగానే ఫిజియోథెరపీకి వెళ్లి వచ్చేసరికి మొక్క నిగనిగలాడుతూ ఉండేది. నాది చల్లని చెయ్యి అనుకున్నాను.

వీధిలో నాకు పేరొచ్చింది. ఎదురింటి వదిన తన మొక్కలు ఎదగడం లేదని అడిగితే, బకెట్టుకి గుప్పెడు యూరియా వెయ్యమన్నాను. వారంలో మాడిపోయాయి.

"నీ మాటిని నా మొక్కల్ని సంపేసుకున్నాను" అంది వదిన.

"నీ సెయ్యి మంచిది కాదొదినా" అన్నాను.

అప్పట్నుంచి మాకు మాటల్లేవు. ఆ రోజు నర్సమ్మ గోడవతలే నిలబడి ఉంది. అన్నీ విని లోపలికి వెళ్లిపోయింది.

ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చిన కూతురు, "అన్నయ్యా, ఒకసారి పెరట్లోకి రా" అని పిలిచింది. మెట్లు దిగలేక నేనెప్పుడూ అటు వెళ్లలేదు. ఈసారి గోడ పట్టుకుని దిగాను. బాత్రూము వెనక, నా గుమ్మంలో ఉన్నలాంటివే పన్నెండు తెల్ల పెయింటు బకెట్లు వరసగా ఉన్నాయి. కొన్నింట్లో ఎండుపుల్లలు, కొన్నింట్లో కాయలతో మొక్కలు. ప్రతి బకెట్టుకీ గాయాలకి వేసే ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. దాని మీద నా పేరు, తేదీ, జబ్బు. 'అడుగున కన్నాలు పూడిపోయి నీరు నిలిచింది, వేరు కుళ్లు.' 'యూరియా ఎక్కువ, అంచులు మాడాయి.' 'ఆకు కింద నల్లి పురుగు, రసం పీల్చేసింది.' 'ఎండ చాలక సాగిపోయింది.'

"ఇయ్యన్నీ నావేనా?"

"నీవే. నువ్వటు ఎల్లగానే మాయమ్మ మంచి మొక్కున్న బకెట్టు పెట్టీసి, నీది తెచ్చీసీది."

"నాకెందుకు సెప్పలేదు?"

"మొదటి మొక్క సచ్చినప్పుడు రెండ్రోజులు అన్నం ముట్టలేదంట కదా నువ్వు. 'ఆడు ఇంకోటి సావడం సూడలేడే' అనీది మాయమ్మ."

నేను మళ్లీ ఆటో ఎక్కాక కూడా మానలేదు ఆమె. జీవితాంతం కుంటుతానని మొహం మీదే చెప్పిన మనిషి, బకెట్టులో నీళ్లు ఎక్కువయ్యాయని చెప్పలేకపోయింది. ఆ మాత్రం తట్టుకోలేనా నేను? వీధంతా నా మాట వింటుంటే, వదిన మొక్కలు మాడిపోతే, అప్పుడైనా నోరు విప్పాలి కదా? ఆ బకెట్ల ముందే నిలబడి ఆమెని తిట్టాను. కూతురు ఆపలేదు.

సాయంత్రం వదిన గుమ్మంలోకి వెళ్లాను.

"తప్పు నాదే వదినా. నీ సెయ్యి కాదు, నాను ఎయ్యమన్న యూరియా."

వదిన చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "ఇప్పుడు తెలిసిందేటి? నర్సమ్మ సెప్పిందా?"

"సెప్పలేదు. రాసి ఎల్లిపోనాది."

చేట కింద పెట్టి, పక్కనున్న పీట నా వైపు జరిపింది.

ఆ ప్లాస్టరు రాతలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ఈ మూడేళ్లలో నేను నేర్చుకున్నదేదైనా ఉంటే ఆ నాలుగు పేజీలే. అందుకు ఆమెకి దణ్ణం పెడతాను. కోపం మాత్రం పోలేదు. కాల్చిన ఊచతో బకెట్ల అడుగున కన్నాలు పొడిచి, మట్టిలో ఇసుకా పాత పేడ ఎరువూ కలిపి, మూడు మొక్కలు నాటాను. వేలు గుచ్చి, మట్టి పొడిగా తగిలితేనే నీళ్లు పోస్తున్నాను. అయినా రెండు చచ్చిపోయాయి. రోజూ దగ్గర కూర్చుని చూశాను. తట్టుకున్నాను. అది చూడకుండానే వెళ్లిపోయింది ఆమె.

మూడోది పూతకొచ్చింది. నిన్న పూసిన రెండు పూలూ మట్టి మీద రాలి ఉన్నాయి. ఈ పొద్దు ఇంకొకటి విచ్చింది, తెల్లగా, తల కిందికి వంచుకుని. గాలి వస్తే ఊగుతోంది.