కనిపించని అతుకు

చిరిగిన బట్టను ఆ బట్టలోంచే లాగిన దారాలతో నేసి, చిరుగు ఎక్కడో యజమానికే తెలియకుండా చేయడాన్ని రఫూ అంటారు. ఆ విద్యలో మా సూదిబావ సార్వభౌముడు. రాజ్యం చిన్నది: ఒక బల్ల, ఒక దీపం, పక్క బల్ల దగ్గర ఇస్త్రీపెట్టెతో మహామంత్రిణి, అనగా ఆయన అక్క. ఏలికవారు నమ్మిన ధర్మసూత్రం ఒక్కటే. కనిపించకపోతే పని అయిపోయినట్టే.

బట్టల విషయంలో ఆ సూత్రానికి తిరుగులేదు. దాన్ని కాలేయానికి వర్తింపజేయడంతోనే వచ్చింది తంటా.

బావ ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉంది. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అంచనా. రోజూ మాత్ర వేసుకోవాలి, ఆరు నెలలకోసారి కడుపు స్కాను తీయించుకోవాలి. బావ మాత్ర ఏనాడూ మానలేదు. అయితే ఒకసారి రక్తపరీక్షలో ‘వైరస్ కనిపించలేదు’ అని వచ్చింది. ఆనాటి నుంచి స్కానుకని బయల్దేరి, టీ తాగి, గంభీరంగా ఇంటికొచ్చేవాడు.

గుట్టు బయటపెట్టింది స్కాను తీసే అమ్మాయే. తెల్లకోటు జేబు చిరిగితే కుట్టించుకోవడానికి వచ్చి, “ఏం బావగారూ, మా గదివైపు రావడమే మానేశారు?” అంది.

ఇస్త్రీపెట్టె ఆగింది.

“ఒరేయ్, మరి ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లొచ్చావురా?”

“కనిపించలేదన్నారు కదక్కా.”

“నాకు నీ బుర్ర కూడా కనిపించడం లేదు. లేదనుకోమంటావా?”

అక్క అప్పటికప్పుడు లాక్కెళ్లి ఎదుట కూర్చోబెడితే, డాక్టరమ్మ కేకలు వేయలేదు. భయం పుట్టించింది అదే.

“రక్తంలో కనిపించలేదు, నిజమే. కొత్త వైరస్ తయారవకుండా మాత్ర ఆపుతోంది. కానీ కాలేయ కణాల్లో మన డీఎన్ఏ ఉంటుంది. పొడుగాటి దారం అనుకోండి. అప్పుడప్పుడు తెగుతుంది. కణం గబగబా రెండు కొసలూ కలిపేస్తుంది. పక్కన వైరస్ డీఎన్ఏ తునక పడుంటే, ఒక్కోసారి దాన్నీ మధ్యలో పెట్టి అతికేస్తుంది.”

“ఎవరి దారమో చూసుకోదా?”

“చూసుకోదు.”

“ఎవరి దగ్గర నేర్చుకుందండీ పని?”

ఎవరూ నవ్వలేదు. అన్నవాడి మొహమే పాలిపోయింది. “మరి దాన్ని విప్పడానికి...”

“విప్పే మందు ఇంకా లేదు. ఆ తునక సొంతంగా కొత్త వైరస్‌ను పుట్టించలేదు. చాలాచోట్ల ఊరికే పడుంటుంది. కానీ ‘పెరిగింది చాలు, ఆగు’ అని కణానికి చెప్పే చోట ఇరుక్కుంటే, కణం ఆగడం మరిచిపోవచ్చు. అందుకే స్కాను.”

“గడ్డా?” అంది అక్క.

“ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ముందు చూద్దాం.”

స్కాను గదిలో తెరకు అవతల బావ, ఇవతల అక్క. అమ్మాయి అతని పొట్ట మీద చల్లటి జెల్ రాస్తూ, “నా కోటు ఎప్పటికిస్తారు బావగారూ?” అంది. “ఊపిరి బిగబట్టండి.”

బావ బిగబట్టాడు. ఆమె చేతిలోని పరికరం పక్కటెముకల కింద ఒకచోట ఆగింది. కాస్త జరిగింది. మళ్లీ అక్కడికే వచ్చింది. మీట నొక్కిన చప్పుడు. ఇంకోసారి. కోటు సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు.

“అమ్మాయ్,” తెర ఇవతల నుంచి అక్క పిలిచింది, “ఊపిరి వదలమని చెప్పు తల్లీ. వాడు చెప్పినమాట వినడం ఇవాళే మొదలుపెట్టాడు.”

“అయ్యో, వదలండి, వదలండి!”

వదిలాడు. “ఏముందమ్మా?”

“డాక్టరుగారు చెప్తారండీ.”

వెనకటి రోజుల్లో ‘ఏం లేదండీ, లేవండి’ అని నవ్వేది ఈ అమ్మాయే.

ఉంది. ద్రాక్షపండంత గడ్డ. పెద్ద స్కాను కూడా తీశాక, ఒక్కటే ఉందని, రక్తనాళాల్లోకి పాకలేదని, కోసి తీసేయవచ్చని తేల్చారు. ఆపరేషన్ గది బయట అక్క ఒకే తువ్వాలును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. జీవితంలో ఆవిడ చేతిలో మడత కుదరని బట్ట అదొక్కటే. చివరికి తలుపు తెరుచుకుంది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నారు.

మర్నాడు డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చింది.

“అయితే పోయినట్టేనా అండీ?”

“ఆ గడ్డ పోయింది. తునకలు మిగతా కాలేయంలోనూ ఉంటాయి. మళ్లీ స్కాను ఎగ్గొడితే నేనే మీ కొట్టు దగ్గరికి వచ్చి లాక్కొస్తాను.” అని ఆమె అక్క వైపు తిరిగింది. “ఇద్దరికీ తల్లి ఒకరేగా? మిమ్మల్ని పరీక్ష చేయించుకోమని ఎప్పుడో చెప్పాను. చేయించుకున్నారా?”

మహామంత్రిణిగారికి ఉన్నట్టుండి రాచకార్యాలు గుర్తొచ్చాయి. “నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను. అవతల ఇస్త్రీ బట్టలు కుప్పలు పడున్నాయి.”

బావ పొట్ట పట్టుకుని లేవబోయాడు.

“పడుకోరా, కుట్లు ఊడతాయి!”

“నువ్వు చెయ్యి చాపేదాకా పడుకోను.”

ఆవిడ తమ్ముడి తెల్లబడ్డ పెదాల వైపు చూసింది. చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకుంది. నర్సు రక్తం తీసుకుని, ఫలితం రేపు వస్తుందని చెప్పి వెళ్లిపోయింది.

“రేపటిదాకా నన్నేం చెయ్యమంటావురా?” అని అక్క మొట్టమొదటిసారి తమ్ముణ్ణి సలహా అడిగింది.