మామయ్య విమానానికి చక్రాలు

మా మామయ్య జన్మలో విమానం ఎక్కలేదు. ఎక్కమన్నా ఎక్కేవాడు కాదు, బస్సెక్కితేనే కళ్లు తిరిగే మనిషి. కానీ సైనిక విమానాల స్థావరంలో ఎవరు రిటైరైనా, తోటివాళ్లు ఇచ్చే కానుక మాత్రం మామయ్య చేతుల మీదుగానే వెళ్లేది. ఆ మనిషి ఏ విమానంలో పని చేశాడో ఆ విమానమే, మూరెడు పొడవున, టేకు చెక్కతో, ఇత్తడి కాడ మీద ఎగురుతున్నట్టు చేసేవాడు.

యుద్ధ విమానం కావాలని ఎవరైనా వస్తే మొహం చిట్లించేవాడు. "అవి కోతలరాయుళ్లమ్మా. నావి కూలిపని చేసేవి," అనేవాడు నాతో. సరుకులు మోసేవి, గాల్లోనే వేరే విమానాలకు ఇంధనం పోసేవి, ఈ రెండు రకాలే చెక్కేవాడు. ఉప్పుకాగితం పట్టడం, రంగు వేయడం మేనకోడలిగా నా వంతు. దీనికి జీతం ఏమైనా ఉందనుకునేరు. అత్తయ్య వండి పెట్టే అన్నమే జీతం.

వాళ్లకు ఒక్కతే కూతురు. నోరు మూతపడదు కాబట్టి గిలక్కాయ అని పిలిచేవాళ్లం. నడక నేర్చింది పెరట్లో ఆ షెడ్డులోనే, రంపపు పొట్టు మీద. పెద్దయ్యాక ఇంధనం పోసే విమానంలోనే ఉద్యోగం తెచ్చుకుంది. తోక దగ్గర బోర్లా పడుకుని, వెనక వచ్చే విమానానికి గొట్టం అందించడం దాని పని. అత్తయ్య వద్దని నెత్తీ నోరూ కొట్టుకుంది. మామయ్య మాత్రం ఉబ్బితబ్బిబ్బై వీధి వీధంతా చెప్పుకున్నాడు.

ఆ విమానం సముద్రంలో పడిపోయింది. అందులో ఉన్నవాళ్లెవరూ దొరకలేదు.

అత్తయ్య ఏడవలేదు. ఎవర్నీ ఏడవనివ్వలేదు కూడా. దొరకని మనిషికి ఏడుపేమిటంటూ పరామర్శకు వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేసింది. రోజూ గిలక్కాయ పక్క దులిపేది. వాడని కంచాన్నే కడిగి బోర్లించేది. మామయ్యతో మాటలు మాత్రం పూర్తిగా మానేసింది. అన్నం పెట్టి, ఎదురుగా నిలబడకుండా తప్పుకునేది. మామయ్య సగానికి సగం అయిపోయాడు. "మీ అత్తయ్య నన్ను ఒక్క తిట్టు తిట్టినా బతుకుతానే," అన్నాడు నాతో.

కొన్నాళ్లకు స్థావరం నుంచి ఒకాయన వచ్చాడు. పోయినవాళ్ల ఇళ్లకు తలా ఒక విమానం ఇద్దామనుకుంటున్నారట. మీకు కష్టమైతే వేరేచోట చేయించుకుంటామని మొహమాటపడుతూనే చెప్పాడు. మామయ్య ఒప్పుకోలేదు, తానే చేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. కన్నకూతుర్ని మింగిన విమానాన్ని పనిగట్టుకుని మళ్లీ మళ్లీ చెక్కే మనిషిని ఏమనాలి? అలిగి షెడ్డు వైపు వెళ్లడం మానేశాను. రంగులు వేయడం ఆయనకు చేతకాదని గుర్తొచ్చి మళ్లీ నేనే వెళ్లాను. అందరి విమానాలూ పూర్తయ్యాయి. తమ ఇంటిది మాత్రం మామయ్య మొదలుపెట్టలేదు.

అప్పుడొచ్చింది అత్తయ్య షెడ్డులోకి. వరసగా ఆరబెట్టిన విమానాలను చూసింది.

"మనింటి దానికి చక్రాలు పెట్టండి," అంది. "దిగినట్టు ఉండాలి."

కాడ మీద ఎగిరే బొమ్మకు చక్రాలుండవు. పైకి లేచాక విమానం వాటిని లోపలికి ముడిచేసుకుంటుంది కదా. మామయ్య ఎన్నడూ చక్రం చెక్కి ఎరగడు. అయినా ఆ ముక్క చెప్పలేదు. ఇన్నాళ్లకు ఆవిడ తనతో మాట్లాడింది. సరేనన్నాడు.

ఫోటోలు ముందేసుకుని చెక్కాడు. బొమ్మ నిండు టేకు, లోపల డొల్ల కాదు. కాళ్లేమో అగ్గిపుల్లలు. ఆగవేమో అన్నాను. అసలు విమానానికి ఎంత సన్నగా ఉంటాయో అంతే ఉండాలన్నాడు. ఆయన చాదస్తం ముందు నా మాట ఎంత?

అత్తయ్య గిలక్కాయ గదిలో బల్ల తుడిచి గుడ్డ పరిచింది. మామయ్య విమానాన్ని దాని మీద దించి, మెల్లగా చేతులు తీశాడు. నిలబడింది. అత్తయ్య చూస్తూ ఉండిపోయింది. అంతలోనే ముందు కాలు విరిగింది, ఆ వెంటనే మిగతావీ విరిగాయి. విమానం పొట్ట మీద పడి, ముక్కు బల్లకు కొట్టుకుంది.

మళ్లీ చేస్తాననీ, ఈసారి లోపల ఇనప చువ్వ పెడతాననీ మామయ్య గొణుగుతున్నాడు. అత్తయ్య విరిగిన పుల్లల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది.

"వద్దు," అంది. "అది రాదు. కాడకే గుచ్చండి."



కాడ గుచ్చాలంటే పొట్టకు కన్నం పెట్టాలి. అత్తయ్యే విమానాన్ని వెల్లకిలా తిప్పి పట్టుకుంది. మామయ్య డ్రిల్లు తిప్పబోతుంటే, గిలక్కాయ ఎక్కడ పడుకునేదని అడిగింది. మామయ్య తోక కింద వేలు పెట్టి చూపించాడు. అక్కడ నేను నల్లరంగుతో వేసిన చిన్న కిటికీ ఉంది.

"కిటికీ కిందకా?"

"కిందకే."

"అయితే నీళ్లు కనిపించే ఉంటాయి."

విమానాల విషయంలో మామయ్య అబద్ధమాడగా నేనెన్నడూ వినలేదు. రంగు ఒక్క పిసరు తేడా వచ్చినా నాచేత గీకించి మళ్లీ వేయించేవాడు.

"ఆ రోజు మబ్బు పట్టేసింది. కింద ఏమీ కనిపించదు," అన్నాడు.

ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. స్థావరం వాళ్లు ఆ సంగతి చెప్పినప్పుడు అత్తయ్యా అక్కడే ఉంది. అయినా తల ఊపింది. బొటనవేలితో ఆ కిటికీని మూసి, ఇంక కానివ్వమంది.