తడి తోలు మీద ఇనుము

మా ఆయన గుర్రాలకు జీన్లు కుట్టేవాడు. బోయిగూడలో మా ఇంటి ముందు గదే దుకాణం. వెనక ఒక గది, వంటిల్లు, మధ్యలో పరదా. పరదాకు ఇవతల నేను కాపురం చేస్తున్నాను, అవతల ఆయన తోలుతో కాపురం చేస్తున్నాడు అనేదాన్ని పెళ్లయిన కొత్తలో. అప్పట్లో ఆ మాటకు ఆయనకు కోపం వచ్చేది. తర్వాత తర్వాత నవ్వేవాడు.

ఆయనకు ఒక జబ్బు ఉండేది. తన చేతిలో తప్పు జరిగిందంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. కుట్టు వంకర పోతే దారం మంచిది కాదు, అంచు తెగితే తోలు మంచిది కాదు, ఏదీ దొరక్కపోతే వాన మంచిది కాదు. నిజం చెప్పాలంటే ఆ అవసరం ఏడాదికి ఒకసారైనా వచ్చేది కాదు. సికింద్రాబాద్‌లో గుర్రమెక్కిన ప్రతివాడూ ఆయన పని మచ్చలేనిదని చెప్పుకునేవాడు. మాకు ఆస్తి అంటూ ఉంటే ఆ పేరొక్కటే. నాకు ఆయన మీద ప్రేమ ఎంత ఉండేదో, ఆ పేరు చూసుకుని మురిసిపోయే ఆయన పొగరు మీద చిరాకు కూడా అంతే ఉండేది.

జీనుకు రెండు పక్కలా వేలాడే రెక్కల మీద పూలు చెక్కడం ఆయన ప్రత్యేకత. చెక్కాలంటే ముందు తోలును తడపాలి. తడిగుడ్డలో చుట్టి ఉంచితే తడి లోపలిదాకా సమంగా పడుతుంది. అప్పుడది ఎంత మెత్తబడుతుందంటే గోరు తగిలినా గుర్తు నిలిచిపోతుంది. ఇత్తడి ముద్రలు పెట్టి చిన్న సుత్తితో కొడుతూ రేకులు, కాడలు తీస్తాడు. తంగేడు బెరడుతో పదును చేసిన తోలు అది. తడిగా ఉన్నప్పుడు ఇనుము ఆనుకుని ఉంటే చాలు, అక్కడ నల్లబడుతుంది. కడిగినా పోదు, గీకినా పోదు. నేను కాపురానికి వచ్చిన మూడో రోజు ఇనుప అట్లకాడ చేత్తో పట్టుకుని దుకాణంలోకి తొంగి చూస్తే, పామును చూసినట్టు లేచి నిలబడ్డాడు. ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

నలభై ఎనిమిదో సంవత్సరం వానాకాలం చివర్లో ఒక గుర్రపు సవారు వచ్చాడు. ఒక జాగీర్దారు దగ్గర చాలా ఏళ్లు కొలువు చేసినవాడు. జాగీర్లు ఉంటాయో పోతాయో ఎవరికీ తెలియని కాలం. తిరుమలగిరి అవతల పశువుల ఫారంలో మంద వెంట గుర్రం మీద తిరిగే పని ఉందనీ, సొంత గుర్రం, సొంత జీను ఉన్నవాడినే తీసుకుంటారనీ చెప్పాడు. గుర్రం అతనిదే. జీను మాత్రం జాగీర్దారుది, తిరిగి ఇచ్చేయాలి. మా ఆయన వీధిలోనే సీసపు తీగ వంచి గుర్రం వీపు కొలత తీసుకున్నాడు. తాడు తగిలించడానికి రెండు రింగులు, మందుల సంచీ కట్టడానికి ఒక పట్టీ, రెక్కల నిండా గన్నేరు పూలు అని లెక్క చెప్పాడు. ఆవుల వెంట తిరిగేవాడికి పూలెందుకని సవారు నవ్వాడు. పూలు ఆవులకు కాదు, నీకే అన్నాడు మా ఆయన. తోలు తేనె రంగు పోకుండా ఇస్తానని కూడా మాట ఇచ్చాడు.

తోలు కరువైన రోజులవి. నిజాంకూ ఇండియాకూ పడక సరిహద్దు దాటి సరుకు రావడం లేదు. ఇంట్లో మిగిలిన ఒక్క మంచి తోలునూ ఆయన ఆ జీనుకే కోశాడు. ఎడమ రెక్క పూర్తయింది. కుడి రెక్క సగానికి పైగా చెక్కి, మిగతాది రేపు చేద్దామని తడిగుడ్డలో చుట్టి బండ మీద పెట్టాడు.

ఆ రేపే పొద్దున విమానాలు వచ్చాయి. గల్లీలో తలా ఒక మాట. ఇండియా ఫౌజు వస్తోందని ఒకరు, వచ్చేసిందని ఒకరు. మా గల్లీలో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు, కానీ తలుపులన్నీ మూసుకున్నాయి. జీను లోపల కూరడానికి మాకు ఉన్ని అమ్మే, గొర్రెలు కాసే కురుమల అక్క సీతాఫల్‌మండి నుంచి నడుచుకుంటూ వచ్చింది. ముసల్మాన్ల ఇళ్ల మీద ఎవరైనా పడతారేమోనని, నాలుగు రోజులు తమ ఇంట్లో ఉండమంది, మేము ఏమంటామోనని కూడా చూడకుండా నా బియ్యం డబ్బా తనే ఎత్తుకుంది. మా ఆయన జట్కా కోసం వెళ్లాడు.

ఆ కాసేపట్లో నేను చేసిన పని ఇది. ఖురాను, రెండు జతల బట్టలు మూట కట్టాను. దుకాణంలోకి వెళ్లాను. ఆయన తాతల నాటి పనిముట్లు బల్ల మీద ఉన్నాయి. సుత్తి, తోలు కోసే రంపె, కుట్టుకు బెజ్జాలు పొడిచే ఆరెలు. దొంగలు పడితే ముందు అవే పోతాయి. వాటినీ, ఆ రెక్కనూ ఒకే చోట దాస్తే భద్రం అనుకున్నాను. తడిగుడ్డ విప్పి, రెక్క మీద పనిముట్లు పరిచి, మళ్లీ చుట్టి, తాడుతో బిగించి, పెట్టెలో పెట్టి తాళం వేశాను. జట్కాలో కూర్చున్నాక పనిముట్లు భద్రమేనా అని ఆయన అడిగాడు. భద్రమే అని నేను గొప్పగా చెప్పాను.

మూడో రోజు మధ్యాహ్నం అక్క ఇంటి వెనక ఉతికిన చీర పిండుతున్నాను. తడిబట్ట చేతుల్లో మెలి తిరగగానే గుర్తొచ్చింది. పిండుతున్న చీరను అట్లాగే వదిలేసి అరుగు మీద కూర్చున్నాను. అక్క చూసి, అంత భయపడకు చెల్లీ అంది. ఫౌజు గురించి అనుకుందామె. ఆయనతో చెప్పాలని రోజూ అనుకున్నాను. చెప్పి ఏం లాభం, దారులు తెరవలేదు గదా అని రోజూ మానుకున్నాను.

అంతా ముగిసిందనీ, నిజాం ఫౌజు లొంగిపోయిందనీ తెలిశాక, ఎనిమిదో రోజు ఇంటికి వచ్చాం. ఆయన పెట్టె తెరిచాడు. గన్నేరు పూల మధ్య నల్లగా సుత్తి ఆకారం. పక్కన రంపె, మూడు ఆరెలు. ఎవరో సిరాతో గీసినంత స్పష్టంగా ఉన్నాయి. ఆయన ఆ నలుపు మీద బొటనవేలితో రుద్ది చూశాడు. తుప్పు పట్టిన రంపెను తీసి కొంగుతో తుడవమని నా చేతికిచ్చాడు. తిట్టు తింటే బాగుండునని నా జీవితంలో ఆ ఒక్కసారే అనుకున్నాను.

అదే పొద్దున సవారు వచ్చాడు. సోమవారం కల్లా రమ్మని ఫారం నుంచి కబురొచ్చిందట. నేను పరదా వెనక్కి తప్పుకున్నాను. అతను రెక్క చేతిలోకి తీసుకున్న చప్పుడు వినిపించింది.

"ఏందీ భాయ్ గిది?"

"నాదే గల్తీ," అన్నాడు మా ఆయన. "పరేషాన్ల ఉండి తడి తోలు మీద పనిముట్లు పెట్టి చుట్టిన. ఇంకెవ్వరిది గాదు."

దారాన్నీ తోలునూ వాననూ తప్పుపట్టే మనిషి అన్న మాట అది. నా చెయ్యి పరదా మీదే ఉంది. ఒక్కసారి లాగితే చాలు. పరాయి మగవాడి ముందుకు ఎట్లా వెళ్తాను అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన నన్ను అట్లా వెనకేసుకుని నిలబడితే నాకు హాయిగా అనిపించింది. అందుకే కదలలేదు.

సవారు రెక్క కింద పెట్టి, గుర్రం వీపుకు తక్లీఫ్ లేకుంటే చాలన్నాడు. వేరే తోలు లేదు. మచ్చలు కనబడకుండా జీనంతా నలుపు చేయడమే గతి. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానేసిన కుండ పెరట్లో ఎప్పుడూ ఉండేది, చవక పగ్గాలకు రంగు వేయడానికి. ఆయన మిగిలిన పూలు చెక్కడం పూర్తిచేశాక, సాయంత్రం ఇద్దరం కుండ ముందు కూర్చున్నాం. ఆయన గుడ్డ ముంచి రుద్దుతుంటే తేనె రంగు పూలు ఒక్కొక్కటే మునిగిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"నేనే గద..." అని మొదలుపెట్టాను.

"కుండ జెర ఇటు జరుపు," అన్నాడు.

జరిపాను. ఆ తర్వాత మా మధ్య ఆ మాట ఎన్నడూ రాలేదు.

సోమవారం సవారు నల్ల జీను వేసుకుని వెళ్లాడు. పని దొరికింది. మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. ఉస్తాదు తడి తోలులో సుత్తి చుట్టిన కథ గుర్రాల వాళ్లందరికీ చేరింది. చేయి పట్టు తప్పిందని ఒకరిద్దరు వేరే దుకాణానికి పోయారు. మిగిలినవాళ్లు జీను తీసుకునేటప్పుడల్లా, లోపల సుత్తి ఉందేమో చూడండి అని ఆటపట్టించేవాళ్లు. పొగరుమోతు మనిషి, తల వంచుకుని నవ్వి ఊరుకునేవాడు. గుర్రాలు తగ్గాక స్కూలు సంచులకూ పెట్టెలకూ పట్టీలు కుట్టాడు. అప్పుడూ ఆ వేళాకోళం ఆగలేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు చాలామంది వచ్చారు. ముందు గదిలో భోజనాల దగ్గర ఎవరో, ఎంత పెద్ద ఉస్తాదైనా ఒక్కసారి మాత్రం చెయ్యి జారిందని, ప్రేమగానే, ఆ కథ ఎత్తుకున్నారు. అందరూ నవ్వారు. పరదాకు ఇవతల ఆడవాళ్ల మధ్య కూర్చుని నేనూ విన్నాను. నా పిల్లలు కూడా నవ్వుతున్నారు. అప్పుడూ నోరు విప్పలేదు.

నా పిల్లలు చదవాలని ఇది రాస్తున్నాను. మీ నాయన చేతిలో ఏ తప్పూ జరగలేదు. ఆ పనిముట్లు చుట్టింది నేను.