కొండ కింది శనగచేను పెద్దాయన

అవుకు దగ్గర మేం స్నేహితులం సరదాకి తాళ్లు కట్టుకుని ఎక్కే కొండ కిందే ఒక పెద్దాయన శనగచేను. నంద్యాల నుంచి ఎప్పుడు వెళ్లినా ఆయన పని ఆపి, మేమందరం దిగేదాకా గట్టు మీదే కూర్చునేవాడు.

"మీ పని చూసుకోండి పెద్దాయనా" అంటే, "మీరు ఆడ యాలాడతాంటే నాకు చెయ్యాడదప్పా" అనేవాడు.

ఒకరోజు మా స్నేహితుడు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పెద్దాయన మంచం తెచ్చి, వాణ్ణి దానిమీద పడుకోబెట్టి, కాయపట్టిన చేనును తొక్కుకుంటూనే మాతోపాటు రోడ్డుదాకా మోశాడు.

వారం తర్వాత పళ్లు తీసుకుని వెళ్లాం. పాడైన చేను మాట ఎత్తబోతే ఆపేశాడు.

"చేను పోతే పోనీ. మిమ్మల్ని కాపు కాసేది ఇంగ నాతో కాదు నాయనా. ఈ కొండకు రావద్దండి."

గొంతులో కోపం లేదు. బాగా అలిసిపోయిన మనిషి గొంతు అది. స్నేహితుడికిమ్మని పచ్చిశనగ కట్ట ఒకటి చేతిలో పెట్టాడు.

మేం మళ్లీ ఆ కొండ ఎక్కలేదు.