ఆఫీసు గ్రూపులో నా రిపోర్టు

మా కంపెనీలో సారూ మేడమూ అనకూడదు. ఓనరు మొదటి రోజే చెప్పేశాడు. బెంగళూరు ఉద్యోగం మానుకుని వచ్చిన టెక్కలి కుర్రాడు, నాకంటే చిన్నవాడు. పేరు పెట్టి పిలవమంటే జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్ళు పక్కున నవ్వారు. జీతమిచ్చేవాణ్ణి పేరు పెట్టి పిలవడమేమిటి, చోద్యం కాకపోతే! వారం తిరక్కుండా వాళ్ళకు బావ అయిపోయాడు, నాకు తమ్ముడయ్యాడు.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకేం కొదవ? మాది మాత్రం ఫ్యాక్టరీ కాదట, స్టార్టప్పట. అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డు, అందులో ఓ మూల ఏసీ గది. ఉద్దానం పప్పును ఫోన్లో అమ్ముతాం. నా హోదా ఆపరేషన్స్ హెడ్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. గుండు పప్పు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి ఏరించేదీ నేనే, డబ్బాలకు స్టిక్కర్లు అంటించేదీ నేనే, పప్పు మెత్తబడిందని హైదరాబాదు నుంచి ఎవరో అరిస్తే పడేదీ నేనే. అయినా అబద్ధమెందుకు, ఎక్కించిన మునగచెట్టు దిగబుద్ధి కాలేదు. ఇష్టంగానే చేశాను.

మా దగ్గర దాపరికం కూడా ఉండకూడదు. వచ్చిన ఆర్డర్లు, పోయిన ఆర్డర్లు, తిన్న తిట్లు, అన్నీ అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సిందే. "మనం ఫ్యామిలీ కదక్కా, ఫ్యామిలీలో సీక్రెట్లేటి?" అనేవాడు. ఫ్యామిలీలు సీక్రెట్ల మీదే నిలబడతాయని ఈ అబ్బాయికి ఎవరు చెప్పాలి!

పెట్టుబడి పెట్టేవాళ్ళు అడిగారని అందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ తీశాడు. దాంతోపాటు ఉచితంగా రక్తపరీక్షలు. మంచి మనసుతోనే చేశాడు, కాదనను. కానీ ఒక్కరూ చెయ్యి చాచలేదు.

"మా రగతంతో నీకేటి పని బావా?" అంది అందరిలోకీ పెద్దావిడ.

"ఫ్రీయే కదా!"

"ఫ్రీ అయితే మాత్తరం? తెలీకపోతే ఇంకొన్నాళ్ళు నిద్దరైనా పడతాది."

అతనికి అర్థం కాలేదు. మేమంతా ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళం. కిడ్నీ జబ్బు తొక్కని వీధి లేదక్కడ, నీళ్ళ వల్లేనంటారు. మా పెదనాన్న దాంతోనే పోయాడు. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందన్న మాట బయటికి పొక్కితే, ఆ మనిషిని బతికుండగానే లెక్కలోంచి తీసేస్తారు. పనికి పిలవరు, పలకరింపులో జాలి చేరుతుంది. అందుకే అనుమానం వచ్చినవాళ్ళు పలాసలో చేయించుకోరు. ఒడిశా సరిహద్దు దాటి బరంపురం పోయి గుట్టుగా చేయించుకుంటారు.

"నువ్వు ముందియ్యక్కా, ఆళ్ళే వత్తారు" అన్నాడు తమ్ముడు. ఇచ్చాను. నా వెనకే వాళ్ళూ ఇచ్చారు.

ల్యాబు వాళ్ళు అందరివీ కలిపి ఒకే ఫైలు పంపారు. మావాడు తెరిచి కూడా చూడకుండా, అలవాటు ప్రకారం, చప్పట్లు కొడుతున్న బొమ్మ జతచేసి గ్రూపులో పెట్టేశాడు. బల్ల చుట్టూ ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ఎవరిది వాళ్ళు చూసుకున్నారు, చదవడం రానివాళ్ళు పక్కవాళ్ళ చేత చూపించుకున్నారు. హమ్మయ్య అనుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే తలెత్తి నావైపు చూశారు.

"నీది సూసుకున్నావేటమ్మా?" అంది పెద్దావిడ. ఆ గొంతు వినగానే తెలిసిపోయింది. ఫోను తీశాను. నా పేరు పక్కన క్రియాటినిన్ అంకె ఎర్రగా ఉంది. నా కూతురు ఇంకా ఒకటో తరగతి. ముందు అదే గుర్తొచ్చింది.

అతను పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాడు. "సూడకుండా పెట్టీసినానక్కా, సారీ" అన్నాడు. గ్రూపులోంచి తీసేశాడు కూడా. ఏం లాభం? సాయంత్రం లోపు ఆటో స్టాండులో మా ఆయనకు ఎవరో చెప్పేశారు. "నాకు ముందు సెప్పాలని లేదేటి?" అన్నాడు ఇంటికొచ్చి. నా జబ్బు నా నోటితో నా మొగుడికి చెప్పుకునే అదృష్టం కూడా లేకపోయింది. ఒళ్ళు మండిపోయింది. కూర్చుని ఏడ్చాను.

ఇప్పటికైతే మందులతో ఆపొచ్చన్నాడు డాక్టరు. మందులు బతికినన్నాళ్ళూ వాడాలి, ముదిరితే డయాలసిస్. ఉద్యోగం ముఖాన కొట్టేద్దామంటే దాంతోపాటే ఇన్సూరెన్సూ పోతుంది. జబ్బు బయటపడ్డాక బయట నాకు ఎవరిస్తారు?

కొన్నాళ్ళకు ఆ పెట్టుబడి వాళ్ళే అడిగారట, పప్పు అందరూ అమ్ముతారు, మీ కథేమిటని. మా తమ్ముడు నా బల్ల దగ్గరికొచ్చి ఒక స్టిక్కరు గోకుతూ నిలబడ్డాడు.

"ఏటనుకోకక్కా. నీ గురించి వీడియోలో కొంచెం సెప్తే... డబ్బు రాకపోతే షెడ్డు మూసీడమే." ఊడొచ్చిన స్టిక్కరు ముక్క నలుపుతూ, "ఊరంతటికీ తెలిసిందే కదా" అన్నాడు.

"ఎవడి వల్ల తెలిసిందిరా?" అని అడిగేశాను. తల దించుకున్నాడు. కదలలేదు మాత్రం. షెడ్డు మూస్తే ఈ ఆడవాళ్ళ పని పోతుంది. నా మందులు పోతాయి. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

పప్పు రాశి ముందు కూర్చోబెట్టి వీడియో తీశారు. పెదనాన్న గురించి చెప్పాను. మా ఊరి నీళ్ళంటే భయమని చెప్పాను. నా పిల్ల తన జడ తనే వేసుకునే వయసు దాకానైనా నన్ను ఉంచమని రోజూ దేవుణ్ణి అడుగుతున్నానని చెప్పాను. ఆ మాట మా ఆయనతో కూడా అనలేదు. ఎదురుగా తమ్ముడు నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత చెవిలోంచి ఇయర్‌ఫోను తీశాడు.

"అక్కా, పాప గురించి సెప్పినప్పుడు రైలు కూత పడిపోయింది. ఆ ముక్క ఇంకోపాలి సెప్తావేటి?"

చెప్పాను. రెండోసారే బాగా వచ్చిందన్నారు అందరూ.