కోటమ్మ చేతి మజ్జిగ

1961లో నేను నరసరావుపేటలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు నర్సుగా పనిచేస్తున్నాను. ఆ ఎండాకాలం బెల్లంకొండ వైపు పల్లె నుంచి అంకయ్య అనే రైతు తన భార్య నాగరత్నాన్ని బండిలో వేసుకొచ్చాడు. చిన్న వయసు. వాంతులతో కళ్ళు లోతుకు పోయాయి. ఆమె అలా రావడం మొదటిసారి కాదు. ఆసుపత్రిలో తేరుకునేది, ఇంటికి వెళ్ళిన కొద్దిరోజులకే మళ్ళీ మంచం పట్టేది.

రోగి తన జబ్బు గురించి చెప్పేదాన్ని మేము హిస్టరీ అంటాం. వైద్యం అక్కడి నుంచే మొదలవుతుంది. నాగరత్నం చెప్పిన తీరు వింటే ఆమె మాట మీద ఎవరికీ అనుమానం రాదు.

"మా ఆడబిడ్డ కోటమ్మ మజ్జిగలో ఏందో కలుపుద్ది సిస్టరమ్మా. నేను తాగిందాకా అక్కడే నిలబడి చూసుద్ది. ఒకనాడు గళాసు అడుగున నల్లగా మడ్డి కనపడింది. ఏంది వదినా ఇదంటే గబుక్కున లాక్కుని కడిగేసింది."

"మీ ఆయనకు చెప్పావా?"

"ఆయన్ని పెంచింది ఆమే గదమ్మా. నమ్ముతాడా?"

కానీ సంగతి చెవిన పడగానే అంకయ్య నమ్మాడు.

కోటమ్మ అంకయ్యకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లిలేని తమ్ముణ్ణి సాకింది. ఆమెను నేను ఒక్కసారే చూశాను. మరదలి కోసం రాగిజావ కాచుకుని వార్డుకు వచ్చింది. ఆ గిన్నె చూడగానే నాగరత్నం పెద్దగా కేకలు పెట్టింది. అంకయ్య జావ తీసుకెళ్ళి బయట పారబోశాడు.

"ఇంక నా ఇంటో ఉండమాక అక్కా, యాడికన్నా పో" అన్నాడు.

కోటమ్మ మారు మాట్లాడలేదు. ఖాళీ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మౌనాన్ని వార్డంతా నేరం ఒప్పుకోవడంగానే లెక్కగట్టింది.

డాక్టరుగారు తొందరపడలేదు. నాగరత్నాన్ని అబ్జర్వేషన్‌లో పెట్టమన్నారు. అంటే మందులకన్నా ముందు మనిషిని కనిపెట్టుకుని ఉండటం. బయటి తిండి ఆపేశాం. ఆమె చక్కగా కోలుకుంది. మర్నాడు ఇంటికి వెళ్ళొచ్చని చెప్పిన మధ్యాహ్నమే మళ్ళీ వాంతులు మొదలయ్యాయి. ఆ పూట అన్నం పెట్టింది నేనే. కడుపు కడిగించి, చీర మారుస్తుంటే కొంగు ముడిలో కొరికిన వేరు ముక్క ఒకటి దొరికింది. తింటే వాంతులయ్యే నాటు వేరు అది.

నాగరత్నం బుకాయించలేదు. గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చి, అప్పుడు చెప్పింది.

"మొదటిసారి నిజంగానే జబ్బు చేసిందమ్మా. అప్పుడు ఆయన నా మంచం వదల్లా. తలకు నూనె రాశాడు, అన్నం కలిపి పెట్టాడు. బాగైనాక మళ్ళీ అన్నిటికీ అక్కా, అక్కా. ఆ ఇంట్లో నేనున్నట్టే లేదు."

"అందుకని ఆమె మీద ఇంత నింద వేశావా?"

"చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది సిస్టరమ్మా. ఆమె మజ్జిగ తెస్తుంటే గళాసు ముట్టుకోవాలన్నా భయమేసేది."

డాక్టరుగారు అంకయ్యను పిలిచి అంతా చెప్పారు. ఆ పిల్లను కొట్టవద్దని, ఆమెదీ ఒక జబ్బేనని మరీ మరీ చెప్పారు. అతను కొట్టలేదు. అక్కను వెతుక్కుంటూ వెళ్ళాడు. మాచర్ల అవతల నాగార్జునసాగర్ డ్యాము పనిలో ఆమె రాళ్ళు మోస్తోంది.

కొన్నాళ్ళకు భార్యను చూపించడానికి వచ్చినప్పుడు వరండాలో నాతో అన్నాడు: "కాళ్ళు పట్టుకున్నా సిస్టరమ్మా. 'ఆ పిల్ల నిన్నగాక మొన్నొచ్చింది, దానికి నేనేం తెలుసు? నా చేతి ముద్ద తిని పెరిగినోడివి, నువ్వెట్టా నమ్మావురా?' అన్నది. తట్ట ఎత్తుకుని పోయింది."

తర్వాత నాగరత్నం కూడా వెళ్ళి బతిమాలిందట. కోటమ్మ ఆమెతో మంచిగానే మాట్లాడింది, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమంది. తమ్ముడి గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు.

కావాలని ఆడే అబద్ధాన్ని పట్టుకోవచ్చు. చెప్పే మనిషే నమ్మేసిన అబద్ధాన్ని పట్టుకోవడం చాలా కష్టం. అందుకే ఆ తర్వాత ఎవరి హిస్టరీ విన్నా, ఇంట్లో ఇంకా ఎవరున్నారు, వాళ్ళనూ ఒకసారి రమ్మంటారా అని అడిగేదాన్ని. కొందరు విసుక్కునేవారు. వచ్చినవాళ్ళు చెప్పింది విని కొన్నిసార్లు మందే మార్చాల్సి వచ్చేది. కోటమ్మను మాత్రం, నీ మాటేమిటమ్మా అని ఆ రోజు ఎవరూ అడగలేదు.