మెట్ట తాబేళ్లు

హులిగెమ్మకు నోరెక్కువ అంటారు పార్కులో అందరూ. ఎక్కువే మరి! ఆ నోరే లేకపోతే ఇరవయ్యేళ్లు కూలి మేస్త్రీల మధ్య నెగ్గుకొచ్చేదా? వానల్లేని ఏడు ఊరొదిలి గుంటూరు మిరపచేలకు కూలికి పోవడాన్ని వాళ్ల వైపు సుగ్గికి పోవడం అంటారు. మోకాళ్లు అరిగాక సుగ్గి మానేసి, డోన్ అవతల కొత్తగా పెట్టిన జంతువుల పార్కులో ఊడ్చే పనికి చేరింది. చేరిన ఆరు నెలల్లోనే తాబేళ్లకు తల్లయి కూర్చుంది.

మొత్తం పదకొండు. వీపు మీద పసుప్పచ్చ ముగ్గేసినట్టుండే నక్షత్ర తాబేళ్లు. దొంగలు గోతాల్లో కుక్కి తరలిస్తుంటే పట్టుకొని తెచ్చినవి. హులిగెమ్మకు అవి పాత చుట్టాలే. చిన్నప్పుడు శెనక్కాయ చేలో గుంటక తోలుతూ, తాబేలు అడ్డమొస్తే వాళ్ల నాయన పెద్ద ఈరన్న ఎద్దుల్ని నిలిపేసేవాడు. "మెట్ట తాబేలు పాపా ఇది. మనకన్నా ముందునుంచి ఈడ సేద్యం చేస్తాండాది" అంటూ ఎత్తి గట్టు మీద పెట్టేవాడు.

గొడవంతా కొలను దగ్గర వచ్చింది. తాబేలంటే నీళ్లే అనుకున్నాడు మేనేజరు ఉమామహేశ్. నడుములోతు సిమెంటు తొట్టి కట్టించి, గోడలకు తామరపూలు వేయించి, ట్యాంకర్లతో నింపించాడు. మర్నాడే ఆ కొలను ప్రారంభం. పెద్దలొస్తారు, వాళ్ల ముందు తాబేళ్లు ఈదాలి.

"ఇవి ఈదవు సారూ. మెట్టవి," అంది హులిగెమ్మ.

"తాబేలుకు ఈత మనం నేర్పాల్నా? నువ్వు పోయి ఊడ్చుకో," అంటూ ఆయన ఒకదాన్ని ఎత్తి నీళ్లలో వేశాడు.

అది రాయిలా మునిగింది. హులిగెమ్మ కట్టుచీరతోనే దూకి, అడుగున తడిమి పైకి తెచ్చి, తల కిందికి వంచి పట్టుకుంది. ముక్కులోంచి నీళ్లు కారాయి. చాలాసేపటికి మెడ కదిలింది.

"అలవాటు లేక అట్లయింది. రేపు అన్నిట్నీ కలిపి వేస్తే ఈదుతాయిలే," అన్నాడు మేనేజరు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "మెట్టచేలో వరి నాటి, పండలేదని చేనును తిడతావా సారూ? నువ్వు పుట్టింది ఈ సీమలోనేనా?"

"ఇంకొక్క మాటంటే నీకు పనుండదు."

హులిగెమ్మ ఇంకొక్క మాట అనలేదు. అందరికీ అదే విడ్డూరం.

పార్కు వెనకే కాలనీ. అక్కడ కుళాయిలో నీళ్లు వచ్చి ఎనిమిది రోజులైంది. రాత్రే హులిగెమ్మ అక్కడికి కబురు పెట్టింది. తెల్లవారగానే ఆ కాలనీ తిరుపతమ్మ ముందు నడవగా ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. హులిగెమ్మ వెనక గేటు తీసింది.

"తోడుకోండమ్మా. అడుగున చెమ్మ గూడా మిగలగూడదు."

"పని పోతే ఏం చేస్తావే?" అంది తిరుపతమ్మ.

"పోతే పోనీ. సుగ్గి యాడికీ పోలేదు."

ఎనిమిదింటికల్లా తొట్టి ఎండిపోయింది. బిందెలు మోసిన చేతులతోనే ఆడవాళ్లు గంపలకొద్దీ ఇసుక కూడా పోసిపోయారు. ఉమామహేశ్ వచ్చి చూసేసరికి పదకొండు తాబేళ్లూ దర్జాగా ఇసుకలో తిరుగుతున్నాయి.

"ఎవరు తోడింది?"

"నేనే."

"నీళ్లు లేకుండా పెద్దలకు ఏం చూపించేది?"

"తాబేళ్లను!"

అంతలో కార్లు రానే వచ్చాయి. వచ్చిన పెద్దాయన ఇసుకలో నడిచే తాబేళ్లను చూసి ముచ్చటపడ్డాడు. "మన చేలల్లో తిరిగేవే గదప్పా ఇవి! ఇట్లే ఉంచండి," అని చెప్పి మరీ వెళ్లాడు. ఇక తొట్టిలో నీళ్లు పోసే దారి మేనేజరుకు లేకపోయింది. ఆ ఉక్రోషమంతా సాయంత్రం ఒక కాగితమై బల్ల మీదికి వచ్చింది.

"తప్పయిందని వేలిముద్ర వెయ్. లేదంటే రేపట్నుంచి రావద్దు."

హులిగెమ్మ బయటికి పోయి, నిన్న మునిగిన తాబేలును తెచ్చి ఆ కాగితం మీద పెట్టింది. "మునిగింది ఇది. ముద్ర దీంతోనే వేయించుకో."

బెదిరిన తాబేలు ఏం చేస్తుందో అదే చేసింది. కాగితం నిలువునా తడిసింది.

"తాబేళ్లకు నీళ్లుండాలంటివి గదా సారూ, ఇవిగో!" అని తాబేలును చంకనెత్తుకొని గుమ్మం వైపు తిరిగింది. "రేపు ఆరింటికల్లా వస్తా. గేటు ఎవరు మూస్తారో చూస్తా."